ఎలిజబెత్ లైన్‌కు డబ్బు ఎవరు కట్టారు: లండన్ నుంచి ఒక కేస్ స్టడీ

1994 మే నెలలో ఒక రైలు మార్గం బ్రిటన్ పార్లమెంటు కమిటీ గదిలోనే ఆగిపోయింది. పడమర శివార్ల నుంచి వచ్చే రైళ్లను, తూర్పు నుంచి వచ్చేవాటిని లండన్ నడిబొడ్డున సొరంగం తవ్వి కలిపేయాలన్నది ఆ బిల్లు. పేరు క్రాస్‌రైల్. ఆలోచన అప్పటికే పాతది. 1974 నాటి లండన్ రైలు అధ్యయనంలో ఉంది, 1989లో ఇంకో అధ్యయనం దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. అయినా ఎంపీల కమిటీ ఒప్పుకోలేదు. ఆ మార్గమే 2022 మే 24న ఎలిజబెత్ లైన్ పేరుతో జనానికి అందింది.

ఈ మధ్యకాలంలో సొరంగాలు తవ్వే యంత్రాలు మెరుగైన మాట నిజమే. కానీ 1994లో తవ్వలేని సొరంగమేమీ కాదది. ఆ సమయానికే లండన్ మెట్రోలోని జూబిలీ లైన్ పొడిగింపు పనులు మొదలయ్యాయి, ఆ మార్గం థేమ్స్ నదిని నాలుగుచోట్ల దాటుతుంది. క్రాస్‌రైల్‌కు అప్పుడు లేనిది, డబ్బు ఎవరు కడతారన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు.

ప్రజారవాణా ప్రాజెక్టులకు నిధుల ప్రణాళిక వేయడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లను ముందుగా ఈ కేసే చదవమంటాను. నిధులు ఎంత తెలివిగా కూర్చారో, కట్టేటప్పుడు ఎలా తడబడ్డారో, ఆ తడబాటు బిల్లు చివరికి ఎవరి మీద పడిందో మూడూ ఇందులో కనిపిస్తాయి. మొదటి రెండింటి గురించి చాలామంది రాశారు. మూడోదాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం అదే ముఖ్యం.

ఇరుకు ఎలా పెరిగింది

1939లో లండన్ జనాభా దాదాపు 86 లక్షలు. యుద్ధం తర్వాత నగరం పలచబడుతూ వచ్చి 1980ల మొదట్లో 68 లక్షల దగ్గర ఆగింది. అక్కడి నుంచి మళ్లీ ఎక్కడం మొదలుపెట్టి 2015లో పాత రికార్డును దాటేసింది. అంటే రెండు తరాల పాటు జనం తగ్గుతున్న నగరానికి కొత్త లైన్లు ఎందుకన్న ధోరణి నడిచింది. విక్టోరియా లైన్, జూబిలీ లైన్ తప్ప ఆ కాలంలో నడిబొడ్డున చెప్పుకోదగ్గ కొత్త మార్గం రాలేదు. జనం తిరిగొచ్చేసరికి పాత మెట్రో సొరంగాలే దిక్కయ్యాయి.

దీనికితోడు ఉద్యోగాలు కూడా జాగా మారాయి. మూతపడ్డ రేవుల స్థానంలో తూర్పున కానరీ వార్ఫ్ ఆఫీసు టవర్లు లేచాయి. పడమర శివార్ల నుంచి పాడింగ్టన్‌లో దిగినవాళ్లు అక్కడినుంచి తూర్పుకు పోవాలంటే ఇరుకు మెట్రోలోకి మారాల్సిందే. తూర్పు నుంచి లివర్‌పూల్ స్ట్రీట్‌లో దిగేవాళ్లదీ అదే పరిస్థితి. సెంట్రల్ లైన్‌లో ఉదయం పూట ఒక రైలు వదిలేసి ఇంకో రైలు ఎక్కడం మామూలైపోయింది.

క్రాస్‌రైల్ ప్రతిపాదన దీనికి సూటి జవాబు. 200 మీటర్లు దాటిన పొడవుండే రైలు, ఒక్కో రైలులో 1,500 మంది, రద్దీ వేళల్లో సొరంగంలో గంటకు ఒక్కో దిక్కుకు 24 రైళ్లు. ఒక్క లైనుతో సెంట్రల్ లండన్ రైలు సామర్థ్యం దాదాపు 10 శాతం పెరుగుతుందని లెక్క. ఇంత ఉపయోగమున్న పని ఇన్నేళ్లు ఎందుకు ఆగిందో అర్థం కావాలంటే జూబిలీ లైన్ దగ్గరికి వెళ్లాలి.

మాట ఇచ్చిన కంపెనీ దివాలా తీస్తే

జూబిలీ లైన్‌ను కానరీ వార్ఫ్ దాకా పొడిగిస్తే అక్కడి టవర్ల విలువ పెరుగుతుంది కాబట్టి, వాటిని కట్టిన ఒలింపియా అండ్ యార్క్ కంపెనీ 40 కోట్ల పౌండ్లు ఇస్తానంది. ఆ సొమ్ము ఏళ్ల తరబడి విడతలుగా రావాలి. 1992లో ఆఫీసుల మార్కెట్ కుప్పకూలి ఆ కంపెనీ చేతులెత్తేసింది. పొడిగింపు కూడా మొదలవకుండా ఆగింది. అప్పులవాళ్లతో, కొత్త యాజమాన్యంతో మాట్లాడి దారికి తెచ్చేసరికి 1993 అక్టోబరు వచ్చింది. లైన్ 1999లో తెరిచారు, ఖర్చు 350 కోట్ల పౌండ్లయింది. అందులో అత్యధిక భాగం ప్రభుత్వ ఖజానాదే.

లాభపడేవాడి దగ్గర డబ్బు తీసుకోవాలన్న సూత్రంలో తప్పేమీ లేదు. తీసుకునే దారి బలహీనంగా ఉంది. ఒక కంపెనీ ఇచ్చిన మాట ఆ కంపెనీ బ్యాలెన్స్ షీట్ ఉన్నంతవరకే నిలుస్తుంది. రైలు మార్గానికి డబ్బు అవసరమయ్యేదేమో సరిగ్గా మార్కెట్ పడిపోయిన రోజుల్లోనూ, ఆ తర్వాతానూ. ఈ సంగతి లండన్ వాళ్లు బాగా గుర్తుపెట్టుకున్నారు. క్రాస్‌రైల్‌కు కూర్చిన నిధుల్లో ఆ జాగ్రత్త అడుగడుగునా ఉంది.

2007 నాటి కూర్పు

2007 అక్టోబరులో ప్రభుత్వం 1,590 కోట్ల పౌండ్ల నిధుల ప్యాకేజీని ప్రకటించింది. 2008 జులైలో క్రాస్‌రైల్ చట్టం వచ్చింది. ప్యాకేజీ వెనక ఉన్న ఆలోచన సులువైనదే. స్థూలంగా మూడో వంతు కేంద్ర ప్రభుత్వం, మూడో వంతు ప్రయాణికులు (టికెట్ ఆదాయం మీద తెచ్చే అప్పుల రూపంలో), మూడో వంతు లండన్ వ్యాపారాలు భరించాలి. మొదటి రెండు ఏ నగరంలోనైనా ఉండేవే. మూడోదాన్ని ఎలా రాబట్టారన్నది ఇక్కడ చూడాల్సిన విషయం.

ఇంగ్లండులో దుకాణాలు, ఆఫీసులు, గిడ్డంగుల లాంటి ఆస్తులకు ‘రేటబుల్ వాల్యూ’ అని ఒకటి లెక్కగడతారు. ఆ జాగాను బయట అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందన్న అంచనా అది. దాని మీదే వ్యాపార ఆస్తి పన్ను వేస్తారు. 2009లో ఒక చట్టం తెచ్చి, ఆ పన్నుకు అదనంగా, రేటబుల్ వాల్యూలో పౌండుకు 2 పెన్నీల దాకా వసూలు చేసుకునే అధికారం లండన్ మేయర్ కార్యాలయానికి ఇచ్చారు. ఆ సొమ్మును ఫలానా ప్రాజెక్టుకే ఖర్చుపెట్టాలి. 2010 ఏప్రిల్ నుంచి క్రాస్‌రైల్ పేరిట ఈ సప్లిమెంట్ వసూలు మొదలైంది. మొదట్లో రేటబుల్ వాల్యూ 55,000 పౌండ్లు దాటిన ఆస్తులకే వర్తించేది. తర్వాత ఆ గీతను 2017లో 70,000కు, 2023లో 75,000కు జరిపారు.

లెక్క దగ్గరగా చూద్దాం. వీధి మూల చిన్న దుకాణం, రేటబుల్ వాల్యూ 40,000 పౌండ్లు అనుకోండి. సప్లిమెంట్ సున్నా. ఒక మోస్తరు ఆఫీసు, 2 లక్షల పౌండ్లు. ఏడాదికి 4,000 పౌండ్లు కట్టాలి. పెద్ద టవర్‌లో ఒక బ్యాంకు తీసుకున్న అంతస్తులు, 50 లక్షల పౌండ్లు. ఏడాదికి లక్ష పౌండ్లు. బ్యాంకుకు లక్ష పెద్ద మొత్తం కాదు, దుకాణదారుడు అసలు కట్టనే అక్కర్లేదు. లండన్ వ్యాపార ఆస్తుల్లో నూటికి ఎనభైకి పైగా ఈ సప్లిమెంట్ పరిధిలోకే రాలేదు. అందుకే వీధుల్లో గొడవ లేకుండా పన్ను అమల్లోకి వచ్చింది.

ఇంత చిన్న రేటు మీద 410 కోట్ల పౌండ్లు లేపారు. అందులో 350 కోట్లు అప్పు, 60 కోట్లు నేరుగా వసూళ్ల నుంచి. పాతికేళ్లు దాటి నడిచే పన్ను చేతిలో ఉంది కాబట్టి అప్పిచ్చేవాళ్లు ముందుకొచ్చారు. ఒక కంపెనీ మునిగినా ఆ భవనంలోకి ఇంకో కంపెనీ వస్తుంది, పన్ను మళ్లీ మొదలవుతుంది. జూబిలీ లైన్ దగ్గర తగిలిన దెబ్బకు ఇదే మందు.

దీనికి తోడు 2012 ఏప్రిల్ నుంచి కొత్త నిర్మాణాల మీద ఇంకో లెవీ పెట్టారు. కొత్తగా చేరే ప్రతి చదరపు మీటరుకు, ప్రాంతాన్ని బట్టి 20, 35, 50 పౌండ్లు. వెస్ట్‌మినిస్టర్ లాంటి ఖరీదైన చోట 10,000 చదరపు మీటర్ల ఆఫీసు కడితే 5 లక్షల పౌండ్లు. వైద్య, విద్యా భవనాలకు మినహాయింపు. ఈ లెవీ, బిల్డర్లతో చేసుకునే ప్లానింగ్ ఒప్పందాలు కలిపి 60 కోట్లు రావాలన్నది లక్ష్యం. అసలు మొత్తంతో పోలిస్తే ఇది చిన్నదే. పైగా కట్టడాలు జోరుగా సాగినప్పుడు వస్తుంది, మందగిస్తే ఎండిపోతుంది. అందుకే దీన్ని నమ్ముకుని పెద్ద అప్పు చేయలేదు. మంచి పని చేశారు.

విడివిడిగా చేసుకున్న ఒప్పందాలు కూడా ఉన్నాయి. కానరీ వార్ఫ్ గ్రూప్ తన స్టేషన్‌కు 15 కోట్ల పౌండ్లు పెట్టి, నిర్మాణం కూడా తానే నిర్ణీత ధరకు చేసింది. వూల్విచ్‌లో అసలు స్టేషనే ప్రణాళికలో లేదు. అక్కడ ఇళ్లు కడుతున్న బర్క్‌లీ హోమ్స్ భూగర్భ స్టేషన్ పెట్టెను కట్టడానికి ఒప్పుకున్నాకే అది చేరింది. ఇవి చక్కగా పనిచేశాయి, ఎందుకంటే ఇచ్చింది చేతి పని, కళ్లముందు కనబడే కాంక్రీటు. హీత్రూ విమానాశ్రయం విషయంలో అలా జరగలేదు. మొదట 23 కోట్లు అనుకున్న వాటా, విమానయాన నియంత్రణ సంస్థ లెక్కల తర్వాత 7 కోట్లకు దిగింది. విమానాశ్రయం వాటా ఎంత వరకు న్యాయమో తేల్చే అధికారం ఆ సంస్థది. ఆ సంగతి మొదటి సంతకాల నాడే లెక్కలోకి తీసుకోవాల్సింది.

కట్టేవాడు, లాభపడేవాడు

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ కూర్పును మెచ్చుకునే వాళ్లలో చాలామంది ఈ మాట దాటేస్తారు.

వ్యాపార ఆస్తి పన్ను కట్టేది సాధారణంగా ఆ జాగాలో ఉన్నవాడు, అంటే అద్దెదారు. స్టేషన్ వచ్చాక విలువ పెరిగేది యజమాని ఆస్తికి. పదేళ్ల పాటు సప్లిమెంట్ కట్టిన అద్దెదారు, లైన్ తెరిచిన ఏడాది ‘ఇప్పుడు ఇక్కడ స్టేషన్ ఉంది కదా’ అన్న మాటతో పెరిగిన అద్దె కూడా కట్టాలి. యజమాని రెండు చేతులా లాభపడతాడు. అద్దె మార్కెట్‌లో బేరం బలంగా ఉన్న అద్దెదారులు పన్ను భారాన్ని కొంత యజమాని మీదికి నెట్టగలరన్న వాదన ఉంది. దీర్ఘకాలంలో అది కొంత నిజం కూడా. కానీ ఒప్పందం మధ్యలో ఉన్నవాడికి ఆ వాదన ఏ ఉపశమనమూ ఇవ్వదు.

ఇంకా పెద్ద ఖాళీ ఇళ్ల దగ్గర ఉంది. అబీ వుడ్‌లోనో, ఈలింగ్‌లోనో స్టేషన్ పక్కన అప్పటికే ఇల్లున్న వాళ్ల మీద సప్లిమెంట్ లేదు, కొత్త నిర్మాణాల లెవీ కూడా లేదు. కొత్తగా కట్టే ఫ్లాట్ మీద మాత్రం లెవీ పడుతుంది. పాత ఇల్లు అమ్మినప్పుడు స్టాంప్ డ్యూటీ వస్తుంది, అది కేంద్ర ఖజానాకు పోతుంది. అంటే విలువ పెరుగుదలలో బాగా పెద్ద ముక్కను ఈ ప్యాకేజీ ముట్టుకోనే లేదు. లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ 2017లో వేసిన ఒక అంచనాలో, దాదాపు 3,600 కోట్ల పౌండ్ల ఖర్చయ్యే ఎనిమిది ప్రాజెక్టుల చుట్టూ భూమి విలువ 8,700 కోట్ల దాకా పెరగొచ్చని లెక్కతేలింది. ఆ సంఖ్యను అక్షరాలా నమ్మక్కర్లేదు. సగమే నిజమనుకున్నా, పెరిగే విలువ మొత్తం ఖర్చును మించుతుంది, అందులో ప్రాజెక్టుకు చేరేది కొద్ది భాగమే.

ఇళ్ల యజమానులను వదిలేయడం రాజకీయంగా తేలిక దారి. ఓటర్లలో వాళ్లెక్కువ. నేను కూడా అలాంటి గదుల్లో కూర్చున్నాను, అక్కడ ఆ ప్రస్తావన రాగానే సంభాషణ ఎలా పక్కకు మళ్లుతుందో తెలుసు. అయినా రాతపూర్వకంగా ఆ లెక్క వేసి ఫైలులో ఉంచాలని పట్టుబడతాను. వేయకపోతే అది ఉందన్న సంగతే మరిచిపోతారు.

సొరంగం పూర్తయ్యాక

2010లో ప్రభుత్వ ఖర్చుల సమీక్ష వచ్చింది. 1,590 కోట్లను 1,480 కోట్లకు తగ్గించారు. తవ్వకాన్ని సులువైన క్రమంలో పెట్టుకుని, తెరిచే తేదీని ఒక ఏడాది వెనక్కి, 2018కి జరిపి ఆ మేరకు ఆదా చేశారు. తవ్వకం వరకు ఆ లెక్క సరిపోయింది. ఎనిమిది యంత్రాలు 42 కిలోమీటర్ల సొరంగాన్ని 2012, 2015 మధ్య తవ్వేశాయి. తవ్విన మట్టిలో 30 లక్షల టన్నులకు పైగా వాలసీ దీవికి తరలించి పక్షుల ఆవాసంగా మార్చారు. అందరూ ప్రాజెక్టు గండం గడిచిందనుకున్నారు.

గండం ఆ తర్వాత వచ్చింది. ఒకే రైలు మూడు రకాల సిగ్నలింగ్ కింద నడవాలి: మధ్య సొరంగంలో కొత్త ఆటోమేటిక్ వ్యవస్థ, హీత్రూ వైపు యూరప్ ప్రమాణాల వ్యవస్థ, మిగతా పాత పట్టాల మీద బ్రిటన్ సంప్రదాయ వ్యవస్థ. ఒకదాని నుంచి ఇంకోదానిలోకి రైలు ఆగకుండా దాటాలి. దీనికి సాఫ్ట్‌వేర్ రాయాలి, రైలులో పెట్టాలి, పట్టాల మీద నెలల తరబడి పరీక్షించాలి. పరీక్షించడానికి కరెంటు కావాలి. 2017 నవంబరులో పుడ్డింగ్ మిల్ లేన్ దగ్గరి విద్యుత్ కేంద్రంలో పేలుడు జరిగి, సొరంగంలో రైలు పరీక్షలు నెలల కొద్దీ వెనక్కిపోయాయి. స్టేషన్లలో పని ఇంకా అవుతూనే ఉంది. కట్టే మనుషులకూ పరీక్షించే మనుషులకూ ఒకే సొరంగం, ఒకే గంటలు కావాల్సి వచ్చింది.

పని మొత్తం 36 ప్రధాన కాంట్రాక్టులుగా విడగొట్టి ఉంది. వాటిని ఒకదానితో ఒకటి కలిపే బాధ్యత క్రాస్‌రైల్ సంస్థదే. ఒక కాంట్రాక్టరు ఆలస్యం చేస్తే పక్కవాడికి పరిహారం ఇవ్వాలి. 2018 డిసెంబరులో తెరిచి తీరాలన్న పట్టుదల కొద్దీ, వెనకబడ్డ ప్రతిసారీ ఇంకా డబ్బు గుమ్మరించి గడువు అందుకోవాలని చూశారు. జాతీయ ఆడిట్ కార్యాలయం 2019 మేలో ఇచ్చిన నివేదిక కూడా ఈ తేదీ మొండితనాన్నే ప్రధానంగా ఎత్తిచూపింది. 2018 ఆగస్టు 31న, ప్రారంభానికి మూడు నెలలు మిగిలి ఉండగా, తేదీ వాయిదా పడిందని ప్రకటించారు. ఆ నవంబరులో మార్క్ వైల్డ్ సంస్థ పగ్గాలు అందుకుని పని మొత్తాన్ని కొత్తగా ప్రణాళిక వేయాల్సి వచ్చింది.

నిధుల వైపు నుంచి చూస్తే నాకు ఇక్కడ ఒక విషయం బాధ కలిగిస్తుంది. సొరంగం లాంటి సివిల్ పనిలో ఎంత పూర్తయిందో మీటర్లలో కొలవొచ్చు, బిల్లులు కూడా దాని ప్రకారమే పాసవుతాయి. సిగ్నలింగ్, పరీక్షల్లో అలాంటి కొలత లేదు. ‘తొంభై శాతం అయింది’ అన్న మాట ఏడాదిన్నర పాటు అలాగే ఉండగలదు. అయినా నెలవారీ నివేదికలో రెండింటికీ ఒకే శాతం గడి ఉంటుంది. ఆ గడి చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్లు మోసపోతారు.

లోటు ఎక్కడి నుంచి పూడ్చారు

2018 డిసెంబరులో 215 కోట్ల పౌండ్ల రక్షణ ప్యాకేజీ కుదిరింది. మేయర్ ఆధ్వర్యంలోని గ్రేటర్ లండన్ అథారిటీ కేంద్ర రవాణా శాఖ నుంచి 130 కోట్లు అప్పు తీసుకుంది, 10 కోట్లు తన దగ్గరున్నవి ఇచ్చింది. ఇంకో 75 కోట్లు అవసరమైతే వాడుకునేలా టీఎఫ్ఎల్‌కు రుణం. అది కూడా చాలక 2020 చివర్లో ఇంకో 82.5 కోట్ల అప్పుకు ఒప్పందం చేసుకున్నారు. మొత్తం ఖర్చు 1,900 కోట్లకు దగ్గరగా వెళ్లింది.

ఈ అప్పులు ఎలా తీరతాయి? అదే సప్లిమెంట్, అదే నిర్మాణాల లెవీ. సప్లిమెంట్ రేటు పెంచలేదు, కొత్త పన్ను వేయలేదు. వసూలు చేసే కాలాన్ని సాగదీశారు, అంతే. చాలా నగరాల్లో ఇలాంటి లోటు వస్తే సొరంగం సగంలో ఆగి నీళ్లు నిండి పడి ఉంటుంది. ఇక్కడ ఆగలేదు. ఒక్కసారి వచ్చే పెద్ద గ్రాంటు కన్నా, ఏటా కొంచెం కొంచెం వచ్చి ఎక్కువ కాలం సాగే రాబడి ఎందుకు మేలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. గ్రాంటు అయిపోతే మళ్లీ మంత్రి తలుపు తట్టాలి. సాగే రాబడి ఉంటే అప్పు అడగొచ్చు.

కానీ ఆ సాగదీసిన ఏళ్లు ఖాళీగా ఉన్న ఏళ్లు కావు. క్రాస్‌రైల్ 2 అని ఇంకో సొరంగ మార్గం ప్రణాళికలో ఉండేది. నైరుతి శివార్ల నుంచి ఈశాన్యానికి, నగరాన్ని ఇంకో దిక్కున దాటేది. మొదటి లైన్ అప్పు తీరగానే ఇవే రాబడులను దానికి మళ్లించాలన్నది ఆలోచన. 2019 ఏప్రిల్‌లో నిర్మాణాల లెవీని పెంచినప్పుడు కూడా రెండో లైన్ మనసులో ఉంది. సెంట్రల్ లండన్ ఆఫీసులకు చదరపు మీటరుకు 185 పౌండ్ల దాకా వెళ్లింది ఆ రేటు. మొదటి లైన్ లోటు వాటన్నిటినీ మింగేసింది. కోవిడ్‌తో టీఎఫ్ఎల్ ఆదాయం కూలిపోయాక, 2020 చివర్లో కేంద్రంతో కుదిరిన ఒప్పందంలో భాగంగా క్రాస్‌రైల్ 2 పని కట్టిపెట్టారు.

కోవిడ్ రాకపోయినా రెండో లైన్ కష్టమయ్యేదేనని నా అభిప్రాయం. దాని నోటి దగ్గరి ముద్ద అప్పటికే మొదటి లైన్ తినేసింది. నైరుతిలో వాటర్లూ స్టేషన్ రద్దీలో నలిగేవాళ్లకు దాదాపు నాలుగు వందల కోట్ల అదనపు ఖర్చు గురించి ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు. ఆ లోటు వాళ్ల పన్నుల్లో కనబడలేదు కూడా. రావాల్సిన రైలు రాలేదు. నగరం బడ్జెట్‌లో ఎక్కడా నమోదు కాని ఖర్చు ఇదే, అందుకే దీన్ని విడిగా చెబుతున్నాను.

కట్టడానికి డబ్బు వేరు, నడపడానికి వేరు

ఇది కొంచెం క్లుప్తంగానే చెబుతాను, కానీ వదిలేయకూడదు. రోజువారీ నిర్వహణకు కేంద్రం ఇచ్చే గ్రాంటును 2015 తర్వాత దశలవారీగా తీసేశారు. కోవిడ్‌కు ముందు టీఎఫ్ఎల్ నిర్వహణ ఆదాయంలో నూటికి 70కి పైగా టికెట్ల నుంచే. పెద్ద నగరాల్లో ఇంతగా టికెట్ల మీద ఆధారపడ్డవి తక్కువ. ఎలిజబెత్ లైన్ 2018లో తెరుచుకుని ఆదాయం తెస్తుందని ఆ లెక్కల్లో రాసుకున్నారు. అది రాలేదు. 2020 ఏప్రిల్‌లో మెట్రో ప్రయాణాలు మామూలులో ఇరవయ్యో వంతుకు పడిపోయాయి. మే నెలలో 160 కోట్ల పౌండ్ల అత్యవసర సాయం తీసుకోక తప్పలేదు, దానితోపాటు షరతులూ వచ్చాయి.

2019లో టీఎఫ్ఎల్ ఎలిజబెత్ లైన్ రైళ్లను దాదాపు 100 కోట్ల పౌండ్లకు అమ్మి, వాటినే తిరిగి లీజుకు తీసుకుంది. ఆ సొమ్ము పికాడిలీ లైన్ కొత్త రైళ్లకు. తప్పు కాదు, చాలామంది చేసే పనే. కానీ అది రాబడి కాదు, ముందుకు జరుపుకున్న అప్పు. అలాంటి అమ్మకాన్ని ఆదాయం పద్దులో చూపించిన ఏ ప్రణాళిక మీదా నేను సంతకం పెట్టను.

లైన్ తెరిచాక

జనం వెల్లువెత్తారు. మొదటి ఏడాదిలోనే 15 కోట్లకు పైగా ప్రయాణాలు. బ్రిటన్ మొత్తం రైలు ప్రయాణాల్లో ఆరింట ఒకటి ఈ లైన్ మీదే జరుగుతున్నట్టు లెక్కలు వచ్చాయి. ఆగ్నేయ మూలనున్న అబీ వుడ్ నుంచి పాడింగ్టన్‌కు ప్రయాణం దాదాపు సగానికి తగ్గి అరగంట లోపు అయింది. ఇంటి నుంచి పని చేసే అలవాటు వల్ల ఆఫీసు ప్రయాణాలు తగ్గుతాయన్న భయం ఉండేది. ఈ లైన్ విషయంలో ఆ టెన్షన్ మొదటి నెలల్లోనే పోయింది.

ఇంకో నగరం దీన్ని చేపట్టాలంటే

కాపీ కొట్టగలిగినవి ఉన్నాయి, కొట్టలేనివి ఉన్నాయి. సప్లిమెంట్ పనిచేసింది దాని కింద ఉన్న రిజిస్టర్ బలం వల్ల. ప్రతి వ్యాపార ఆస్తికీ ఒక విలువ ఉంది, కొన్నేళ్లకోసారి దాన్ని తిరగరాస్తారు, అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకునే దారి ఉంది. ఆస్తి విలువలు పాతికేళ్లుగా తిరగరాయని నగరంలో ఇదే 2 పెన్నీలు వేస్తే, కొత్త టవర్లు తప్పించుకుంటాయి, పాత బజార్లు మోస్తాయి. అలాంటి చోట ముందు మదింపు సరిచేయడానికి మూడు నాలుగేళ్లు పెట్టడం మంచిది. మార్గం సర్వేకు ఎంత సిబ్బంది పెడతారో దీనికీ అంత పెట్టాలి.

నగరమంతా వేసే పన్ను సాధ్యం కాకపోతే చిన్న గీత గీసుకోవచ్చు. బాటర్‌సీకి నార్తర్న్ లైన్ పొడిగింపు అలాగే చేశారు. 2021 సెప్టెంబరులో తెరిచిన ఆ మార్గానికి అయిన 110 కోట్ల పౌండ్లలో 100 కోట్లు అప్పు. ఆ చుట్టుపక్కల ఒక జోన్ గీసి, అందులో పాతికేళ్ల పాటు పెరిగే వ్యాపార పన్నును, బిల్డర్ల వాటాలను దాని తిరిగి చెల్లింపుకే కట్టేశారు. కొత్త కట్టడాలు గుంపుగా వచ్చే ఖాళీ భూమి ఉన్నచోట ఇది బాగా నడుస్తుంది. ఇప్పటికే కిక్కిరిసిన పాత బస్తీల కిందుగా పోయే లైన్‌కు నడవదు, ఎందుకంటే అక్కడ పెరిగేది అద్దెలే కానీ కట్టడాలు కావు.

సాగే రాబడికి హద్దు కూడా మొదట్లోనే రాసుకోవాలని నా పట్టు. లోటు వస్తే ఎన్నేళ్ల వరకు సాగదీయొచ్చు, ఆ తర్వాతి ఏళ్లు ఏ లైన్‌కు రిజర్వు, దాన్ని ముట్టుకోవాలంటే ఎవరు బహిరంగంగా ఓటేయాలి. క్రాస్‌రైల్ కాగితాల్లో ఆ హద్దు గట్టిగా లేదు. ఉండి ఉంటే 2018లో ఆ అప్పు తీసుకునేముందు క్రాస్‌రైల్ 2 వాళ్లకు కనీసం ఒక సభలో మాట్లాడే అవకాశం దక్కేది.

ఇకమీద ఆ అవకాశం ఇంకో రూపంలో వస్తుంది. 2009 చట్టం ప్రకారం, సప్లిమెంట్ వాటా ప్రాజెక్టు ఖర్చులో మూడో వంతు దాటితేనే పన్ను కట్టేవాళ్ల బ్యాలెట్ అవసరం. క్రాస్‌రైల్‌లో అది నాలుగో వంతు దగ్గరే ఉంది కాబట్టి బ్యాలెట్ లేకుండానే మొదలైంది. 2011లో లోకలిజం చట్టం ఈ నియమాన్ని మార్చింది. ఇప్పుడు ఏ కొత్త సప్లిమెంట్‌కైనా, వాటా ఎంతైనా, కట్టేవాళ్ల ఓటు తప్పనిసరి. క్రాస్‌రైల్ అప్పు తీరేనాటికి, ఆ 2 పెన్నీలను తర్వాతి లైన్ కోసం కొనసాగించాలంటే లండన్ అద్దెదారుల ముందు నిలబడి అడగాలి. వాళ్లు మొదట అడిగేది తమ మొదటి డబ్బు లెక్కే.